"జుట్టే కదా" అని ఇంకొక్కసారి అంటే ఊరుకోను

జుట్టే కదా, ప్రాణం ముఖ్యం, మళ్ళీ వచ్చేస్తుందిలే. ఈ ముక్క ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు. నాకూ తెలుసండీ బాబూ, ప్రాణం కోసమే కదా వెళ్ళి చెయ్యి చాపి ఆ క్యాన్సర్ మందు, కీమో సూది గుచ్చించుకున్నా. కానీ తలమీద నీళ్ళు పోసుకుంటే కుచ్చులు కుచ్చులుగా చేతికి ఊడొచ్చి, తూము మూసుకుపోయి, మడమల దాకా నిలిచిన నీళ్ళల్లో నిలబడి ఏడ్చింది నేను, మీరు కాదు.

మొదటి కీమో అయిన పదిహేడో రోజున మొదలైంది నాకు. రెండు మూడు వారాల్లో రాలుతుందని నర్సు ముందే చెప్పింది, అయినా పదిహేను రోజులు దాటేసరికి నాకు రాలదేమోలే అని ఒక పిచ్చి ఆశ. దానికి ముందే మాడంతా ఒకటే నొప్పి, దువ్వెన తగిలితే పుండు మీద గీసినట్టుండేది, అది మాత్రం ఎవరూ చెప్పలేదు. తలమీద వెంట్రుకల్లో వందకి దాదాపు 90 ఎప్పుడూ పెరిగే దశలోనే ఉంటాయట, కీమోకేమో గబగబా పెరిగే కణం ఏది కనిపిస్తే దాన్నే కొట్టడం తెలుసు, ఇక మిగిలేదేముంది. కనుబొమ్మలు, రెప్పల వెంట్రుకలు కూడా పోయాయి. ఆఖరికి ముక్కులోవి కూడా! జలుబు లేకుండానే ముక్కు కారడం, వంగితే చాలు టప్పుమని బొట్టు పడటం, ఏడవాలో నవ్వాలో తెలీలేదు.

ఇంకో బ్యాచ్ ఉంటారు, ఫలానా ఆవిడకి కీమో ఇచ్చినా ఊడలేదే అని. డాక్సోరూబిసిన్, డోసిటాక్సెల్ లాంటి కీమో మందులైతే మామూలుగా ఊడుతుంది, కొన్ని మందులకి కాస్త పల్చబడుతుందంతే, రేడియేషన్ అయితే ఎక్కడిస్తే అక్కడే. ఊడితేనే మందు పనిచేస్తున్నట్టు అనేవాళ్ళకి దణ్ణం.

నా అసలు కడుపుమంట వేరే. స్కాల్ప్ కూలింగ్ అని ఒకటుంది, మాడుని బాగా చల్లబరిచే టోపీ, కీమో ఎక్కించే ముందు నుంచి అయ్యాక కాసేపటి దాకా పెడతారు, రక్తం తక్కువ పారి మందు కుదుళ్ళకి తక్కువ చేరుతుంది. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2015లోనే ఓకే చేసింది. బ్లడ్ క్యాన్సర్లకి మామూలుగా వాడరు, అందరికీ పనిచెయ్యదు, తలనొప్పి కూడా వస్తుంది, అన్నీ ఒప్పుకుంటా. కానీ అలాంటిదొకటి ఉందని నాకు తెలిసింది మూడో సైకిల్ (మూడో విడత కీమో) అయ్యాక, అప్పటికే గుండు. వద్దనుకునేదాన్నేమో, కానీ వద్దనే ఛాన్స్ కూడా ఇవ్వలేదు కదా.

గుండు చేసింది మా చెల్లి. రక్తంలో తెల్లకణాలు తక్కువున్నప్పుడు గాటు పడితే ఇన్‌ఫెక్షన్ వస్తుందేమోనని బ్లేడ్ కాకుండా ట్రిమ్మర్ పెట్టింది. వెనక నుంచి మొదలెట్టి అయ్యేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు, ఆ గుర్రుమనే చప్పుడే. అంతా అయ్యాక మెడ మీద తుడుస్తూ "అక్కా, నీ తల ఇంత గుండ్రంగా ఉంటుందని అస్సలు అనుకోలేదే" అంది. ఇన్ని నెలల్లో నాకు నచ్చిన మాట అదొక్కటే. విగ్గు కొని రెండుసార్లు పెట్టా, ఒకటే దురద, దాని బదులు మెత్తటి కాటన్ టోపీ బెటర్, రాత్రిళ్ళు గుండుకి చలెంతేస్తుందో గుండున్నవాళ్ళకే తెలుసు.

ఆఖరి కీమో అయ్యి రెండు నెలలైంది, నూగు మొదలైంది. నిన్న వీడియో కాల్‌లో "ఫోన్ తలకి ఆనించవే చూస్తా" అని చెల్లి ఒకటే గోల. చూసి, "అన్నీ తెల్లవేనే అక్కా" అంది. తెల్లవి కాదు, లైటింగ్ అలా ఉంది అని ఇంకా వాదిస్తూనే ఉన్నా.