ఎండ పెరిగితే చెరకు రైతుకు లాభమా?

పండుగ శుభాకాంక్షల కంటే ఎక్కువసార్లు ఈ మధ్య నా ఫోనుకు చేరిన సందేశం ఒకటుంది. చెరకు ఉష్ణమండలపు పంట గనుక ఎండ పెరిగితే తీపి, వాన పెరిగితే బరువు, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఏపు పెరుగుతాయట. దిగుబడి తగ్గినా ధర పెరుగుతుంది కాబట్టి రైతుకు నష్టమే లేదట. రైతును ముంచింది వాతావరణం కాదు, మిల్లులట. హైదరాబాదులో బండి దగ్గర రసం తాగడమే తప్ప తోటలో అడుగుపెట్టని మిత్రులు దీన్ని పరమసత్యంగా పంపుతున్నారు గనుక జవాబు చెప్పక తప్పడం లేదు.

కార్బన్ డయాక్సైడ్ మాట ఒక్క వాక్యంతో సరి: దానివల్ల వరికి కలిగినంత మేలు, గాలిలో ఉన్న కొద్దిపాటి కార్బన్ డయాక్సైడ్‌నే సమర్థంగా వాడుకునే సీ4 రకం మొక్క అయిన చెరకుకు కలగదు.

ఎదిగే నెలల్లో ఎండ కావాలి, నిజమే. కానీ గడలో చక్కెర నిండేది నేల ఆరి, రాత్రులు చల్లబడినప్పుడు. 12–14 డిగ్రీల రాత్రులు అందుకు ఎంతో అనుకూలం. ఆ దశలో రాత్రులు వెచ్చగా ఉన్నా, అకాల వానకు గడ మళ్లీ చిగురు తొడిగినా, చేరిన చక్కెరే ఖర్చవుతుంది. ఈదురుగాలికి తోట పడిపోతే నరుకుడు కూలి కూడా పెరుగుతుంది. వాన ముఖం చాటేస్తే సంగతి వేరే చెప్పాలా? 2023 ఆగస్టు 1901 తర్వాత దేశంలో అత్యంత పొడి ఆగస్టు. మహారాష్ట్ర, కర్ణాటకల్లో చెరకు దెబ్బతిన్నది, చక్కెర చాలదన్న భయంతో ఆ డిసెంబరులోనే కేంద్రం చెరకు రసంతో ఇథనాల్ తయారీపై ఆంక్షలు పెట్టింది.

నాకు నిజంగా కోపం తెప్పించినది ధర మాట. బజారులో సరుకు తగ్గగానే ధర ఎగబాకడానికి చెరకు టమాటా కాదు. మిల్లు చెల్లించవలసిన కనీస ధరను కేంద్రం సీజనుకు ముందే ప్రకటిస్తుంది, పైగా దాన్ని రికవరీకి, అంటే చెరకు బరువులో ఎంత శాతం చక్కెరగా చేతికొస్తుందో దానికి, ముడిపెడుతుంది. 2025–26కు 10.25 శాతం రికవరీ మీద క్వింటాలుకు 355 రూపాయలు. అక్కడి నుంచి ప్రతి 0.1 శాతం తగ్గుదలకు 3.46 రూపాయల కోత, 9.5 శాతం లేదా అంతకు దిగువన ఉంటే 329.05. ఎకరాకు 35 టన్నులు తీసే రైతుకు మంచి ఏడాది 1,24,250 రూపాయలు వస్తాయనుకుందాం. వాతావరణం వికటించి దిగుబడి 28 టన్నులకు, రికవరీ 9.5కు పడిపోతే చేతికి వచ్చేది సుమారు 92,100. ముచ్చెలు (నాటే గడ ముక్కలు), ఎరువు, కలుపు ఖర్చు మాత్రం తగ్గదు. ముప్పై రెండు వేల ఈ లోటును లాభమని పిలిచే ఆర్థికశాస్త్రం ఏ కళాశాలలో చెబుతారో సందేశకర్త తెలిపితే, రైతులు తమ పిల్లలను అక్కడే చేర్పిస్తారు. బెల్లం వండుకునేవారికి బజారు ధర కొంత కలిసిరావచ్చు. మిల్లుకు తోలే రైతుకు ఆ అవకాశం లేదు.

అయితే మిల్లుల గురించిన చివరి మాటను నేను కాదనను. 1937లో మొదలైన బోధన్ నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది కరవు ఒక్కదానివల్ల కాదు. 14 రోజుల్లో డబ్బు చెల్లించాలని, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ ఇవ్వాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతున్నా బకాయిలు పేరుకుపోవడానికి ఎండలు కారణం కావు. కానీ దగ్గరి మిల్లు మూతపడితే చెరకు దూరపు మిల్లుకు పోవాలి, నరకడానికి మిల్లు ఇచ్చే అనుమతి, అదే కటింగ్ ఆర్డర్ కోసం మార్చి, ఏప్రిల్ దాకా ఆగాలి. నరికిన గడ ఆ ఎండలో ట్రాలీ మీద ఎన్ని గంటలు నిలిస్తే, కాటా దగ్గర అంత బరువు తగ్గుతుంది.