జాబితాలో ఎన్ని, నీటిలో ఎన్ని?

2021 ఏప్రిల్ 21 తెల్లవారుజామున బాలి ద్వీపానికి ఉత్తరాన టార్పెడో (నీటిలో దూసుకెళ్లి పేలే ఆయుధం) విన్యాసం కోసం మునిగిన ఇండోనేసియా జలాంతర్గామి నంగ్గాలా మళ్లీ పైకి రాలేదు. నాలుగో రోజు సముద్రంలో దొరికిన వస్తువుల్లో పెరిస్కోప్‌కు రాసే గ్రీజు సీసా, నమాజు చాపల ముక్కలు ఉన్నాయి. మర్నాడు 838 మీటర్ల లోతున అది మూడు ముక్కలై కనిపించింది. లోపలున్న 53 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

అప్పటికి ఏ పట్టిక చూసినా ఇండోనేసియాకు ఐదు జలాంతర్గాములు. మునిగిన సబ్‌మెరైన్ నుంచి మనుషుల్ని బయటికి తెచ్చే సొంత నౌక మాత్రం లేదు. కరెంటు పోతే లోపల ఆక్సిజన్ 72 గంటలకే సరి. సింగపూర్, మలేసియా నౌకలు పరుగెత్తాయి. మన విశాఖ నుంచీ రక్షక వాహనంతో ఓడ కదిలింది. అది దారిలో ఉండగానే శకలాలు దొరికాయి.

వర్ధమాన దేశాల నౌకాబలం గురించి రాసేవాళ్లు, మాతో సహా, జలాంతర్గాములు ఎన్నున్నాయో లెక్కపెట్టి ఊరుకుంటున్నారు. ఈ వారం వాటిలో ఎన్ని మునగగలవు, బ్యాటరీలు ఏ స్థితిలో ఉన్నాయి, సిబ్బంది ఏడాదిలో ఎన్ని రోజులు సముద్రంలో గడిపారు అని అడిగేవారు తక్కువ. 2017 నవంబరులో 44 మందితో గల్లంతైన అర్జెంటీనా జలాంతర్గామి శాన్ హువాన్ చివరి కబుర్లలో ఒకటి, స్నోర్కెల్ (పైనుంచి గాలి పీల్చే గొట్టం) గుండా నీరొచ్చి బ్యాటరీల దగ్గర షార్ట్ సర్క్యూట్ అయిందని. థాయిలాండ్‌ది వేరే తిప్పలు. 2017లో జలాంతర్గామి కోసం చైనాకు ఆర్డరిస్తే, అందులో పెట్టాల్సిన ఇంజిన్‌ను జర్మనీ ఇవ్వనంది. చైనాపై ఐరోపా ఆయుధ నిషేధం అడ్డొచ్చింది. పని ఏళ్ల తరబడి ఆగిపోయింది. కొనేటప్పుడు ఇంజిన్ ఎవరిదని చూసుకోకపోవడం విడ్డూరమే.

ఇదంతా పొరుగువాళ్ల గొడవ అనుకోవడానికి లేదు. మన తొలి జలాంతర్గామి 1967లో వచ్చింది. లోతు నుంచి మనుషుల్ని కాపాడే సొంత వాహనం 2018లో గానీ చేతికి రాలేదు. అర్ధశతాబ్దం పాటు మన నావికులు ఇంకొకరి సాయం మీద భరోసాతో మునిగారు. 2017 డిసెంబరులో, ఆ తొలి జలాంతర్గామి పేరే పెట్టుకున్న కొత్త కల్వరి విధుల్లో చేరింది. దాని కోసం అనుకున్న టార్పెడోల కొనుగోలు అంతకుముందే రద్దయింది కాబట్టి పాత టార్పెడోలతోనే నెట్టుకురావాల్సి వచ్చింది. డీఆర్‌డీవో తయారుచేస్తున్న టార్పెడోను కల్వరి తరగతి జలాంతర్గాములకు అమర్చే ఒప్పందం 2024 డిసెంబరులో కుదిరింది. అప్పటికే వాటిలో ఐదు విధుల్లో ఉన్నాయి.