మూడో అంతస్తులో దాగుడుమూతలు

డిసెంబరు 3న, వికలాంగుల దినోత్సవమని, బెంగళూరు మారతహళ్లిలో మా అమ్మాయి చదివే బడివాళ్లు వికలాంగత మీద మాకందరికీ అవగాహన కల్పించారు. తెచ్చుకోవాల్సినవి రెండే: ఒక చున్నీ, 200 రూపాయలు. చున్నీ కళ్లకి గంతలు కట్టుకోడానికి. రూపాయలు దేనికో గంతలు విప్పాక కూడా కనపడలేదు.

తల్లిదండ్రులతో సహా 40 మందిమి మూడో అంతస్తులో గోడలు తడుముకుంటూ తిరిగాం. ఒకాయన ఇసుక బకెట్లో కాలు పెట్టాడు. ప్రిన్సిపల్ మేడమ్ గంతలతోనే ఉపన్యాసం ఎత్తుకుని, బీరువా వైపు తిరిగి పది నిమిషాలు దంచింది. బీరువా మాకన్నా శ్రద్ధగా వింది. మధ్యలో ‘అర్థమైందా?’ అని కూడా అడిగింది దాన్ని. చివరికి గంతలు విప్పి ‘హమ్మయ్య, మనమెంత అదృష్టవంతులం!’ అంటే చప్పట్లు. పాఠం అదేనట.

తెల్లకర్రతో నడక ఎలా నేర్చుకుంటారో, లెక్కలు బ్రెయిలీలో ఎలా చేస్తారో చెప్పడానికి చూపులేని మనిషినొక్కరినైనా పిలిచారా? అబ్బే, కార్యక్రమం పాడవదూ!

మా అమ్మాయి క్లాసులో చక్రాల కుర్చీ పిల్ల ఒకతి ఉంది. లిఫ్టు లేదు. రోజూ వాళ్ల నాన్న వీపున వేసుకుని 58 మెట్లు ఎక్కిస్తాడు. ఆ రోజు ఆయన ఊళ్లో లేడు. పిల్ల కింద వాచ్‌మన్ పక్కన కూర్చుంది. బడివాళ్లని అడిగితే ‘ర్యాంపు ఉందిగా సార్, స్వల్ప అడ్జస్ట్ మాడి’ అన్నారు, కొంచెం సర్దుకోండని కన్నడంలో. ఉంది, 2 అడుగుల అరుగుకి 4 అడుగుల ర్యాంపు. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలి, అంటే 24. ఎల్‌కేజీ వాళ్లు దాని మీద జారుతున్నారు, పాపం వాళ్లకైనా పనికొచ్చింది. అది ఎక్కినా మెట్ల మొదటికేగా చేరేది!

2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాని 7 నుంచి 21కి పెంచింది. ఆ 21 పేర్లూ పిల్లలచేత బట్టీ వేయించారు. బడి భవనం అందరూ వాడుకునేలా ఉండాలని అదే చట్టంలో ఉందే, ఆ పేజీ చిరిగిపోయిందా? క్లాసుని కిందికి దించడానికి ఇటుకరాయి కూడా అక్కర్లేదు. కింద పెద్ద గది ఉంది. అందులో కప్పులూ షీల్డులూ పెట్టుకున్నారు! పిల్లేమో తండ్రి వీపు మీద, ఇత్తడేమో ఏసీలో. సిగ్గుండక్కర్లా?

సాయంత్రం అందరికీ ఒక కాగితం ఇచ్చారు: ‘గంతలతో నడిచినప్పుడు నీకేమనిపించింది? 5 మార్కులు.’ కింద కూర్చున్న పిల్లకీ ఇచ్చారు. ఖాళీగా వదిలేసిందని సున్నా వేశారట.