తగ్గింది జనమా, నిమిషాలా? సీరియల్ రేటింగ్ పడితే ముందు తేల్చాల్సిన లెక్క

టీవీ వీక్షణను కొలిచే సంస్థ బార్క్ ఇచ్చే రేటింగులు గురువారం వస్తాయి. శనివారం నుంచి శుక్రవారం దాకా జనం చూసిందంతా ఒక్క అంకెగా చేతికొస్తుంది. ఆ అంకె మూడు వారాలు వరసగా దిగితే హైదరాబాద్ సీరియల్ యూనిట్లలో మొదట వినిపించే మాట ‘లీప్ వేద్దాం’, అంటే కథను ఒక్కసారిగా కొన్నేళ్లు ముందుకు దూకిద్దామని. జబ్బేమిటో తేలకముందే ఆపరేషన్‌కు దిగడమిది. జనం మనసారా ప్రేమించిన సీరియళ్లు ఇలా పాడవుతుంటే బాధేస్తుంది.

టీఆర్పీ అనే ఈ రేటింగ్ తలల లెక్క కాదు, నిమిషాల సగటు. అరగంట స్లాట్‌లో నూటికి 20 మంది ఆ చానల్‌కి వచ్చి, తలా 15 నిమిషాలు ఉన్నారనుకుందాం. సగం సేపే ఉన్నారు కాబట్టి రేటింగ్ 10. వచ్చేవాళ్లు అదే 20 మంది, కానీ తొమ్మిది నిమిషాలకే రిమోట్ నొక్కేస్తే 6. అలాకాక 12 మందే వచ్చి 15 నిమిషాలు కూర్చున్నా 6 రేటింగే. అంకె ఒకటే, రోగాలు రెండు.

వచ్చేవాళ్లే తగ్గితే ముందు కథ బయట వెతకాలి. ఐపీఎల్ రాత్రి మ్యాచ్ 7:30కి మొదలవుతుంది. మన చానళ్లు తమ బలమైన సీరియల్‌ని పెట్టుకునే వేళ కూడా అదే. టీవీ ఒక్కటే ఉన్న ఇంట్లో రెండు నెలలు రిమోట్ చేతులు మారుతుంది. ఆ రేటింగ్ చూసి జూన్‌లో పాత్రల్ని చంపేయడం తొందరపాటు. ముందు స్లాట్‌లోని సీరియల్ పడిపోయినా దెబ్బ తగులుతుంది. యాప్ సంగతి మరొకటి. చందా కట్టినవాళ్లకు ఎపిసోడ్ టీవీ కంటే ముందే దొరికితే వాళ్లు రాత్రిదాకా ఆగరు, ఫోన్లో చూసింది టీవీ రేటింగ్‌లో కలవదు.

నిమిషాలు తగ్గితే మాత్రం తప్పు ఇంట్లోదే. ప్రకటనలు పోగా ఎపిసోడ్‌కు 20–22 నిమిషాలు. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు ఎపిసోడ్లంటే వారానికి రెండు గంటలకు పైగా ఫుటేజీ, అంటే ఒక సినిమా నిడివి. ప్రధాన నటి బెంగళూరు నుంచో కొచ్చి నుంచో వచ్చే మనిషైతే నెలలో కొన్ని రోజులే డేట్లు దొరుకుతాయి. ఆమె సీన్లన్నీ ఆ రోజుల్లోనే లాగేసి, మిగతా రోజుల్లో హాల్లో అత్తగారి చేత పాత గొడవే మళ్లీ మాట్లాడిస్తారు. పరభాషా నటులకు డబ్బింగ్ పని అదనం. బ్యాంక్‌లో, అంటే ముందే తీసి పెట్టుకున్న నిల్వలో, పది ఎపిసోడ్లు ఉంటే సర్దుకోవచ్చు. అది రెండుకు పడిందంటే సీన్ పేపర్ సెట్లోనే పుడుతుంది. నిడివి నింపడానికి ఒకే మాటకు నలుగురి ముఖాలు తిరుగుతాయి, నిన్నటి సీన్ మళ్లీ వస్తుంది. ప్రేక్షకురాలు లేచేది సరిగ్గా అక్కడే. దీనికి మందు లీప్ కాదు. వారం రోజులు రెండో యూనిట్ పెట్టి బ్యాంక్ నింపుకోవాలి, రీక్యాప్ అర నిమిషానికి కుదించాలి.

‘కార్తీకదీపం’ చూడండి. మలయాళ ‘కరుత్తముత్తు’ ఆధారంగా 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలైంది. దాని బలమంతా ఒక్క ముడిలో ఉంది: భార్య దీపను కార్తీక్ అనుమానించాడు, పిల్లలు తనవాళ్లేనని అతనికి ఎప్పుడు తెలుస్తుంది? ఆ ప్రశ్న బతికున్నంత కాలం విలన్ మోనిత కుట్రలు ఎన్ని సాగినా జనం భరించారు. నిజం తెలిశాక ముడి విడిపోయింది, సీరియల్ మాత్రం ఆగలేదు. 2022లో లీప్ వేసి, దీప, కార్తీక్‌లుగా వేసిన ప్రేమీ విశ్వనాథ్, నిరుపమ్ పరిటాలను పక్కనపెట్టి పిల్లల తరానికి కథ అప్పగించారు. కథలో ప్రశ్న పోయాక జనాన్ని పట్టి ఉంచినవి ఆ రెండు ముఖాలే, వాటినీ తీసేశారు. తర్వాత వంటలక్కగా పేరుపడ్డ దీపను వెనక్కి తెచ్చినా పాత ఊపు రాలేదు, 2023 జనవరిలో ముగించారు. 2024 మార్చిలో అదే జంటతో, కొత్త కథతో రెండో ‘కార్తీకదీపం’ వచ్చింది. ముడి విడిన నెలలోనే గౌరవంగా ముగించి, ఇదే పని అప్పుడే చేసి ఉండాల్సిందని నా గట్టి నమ్మకం.

అందుకే నడుస్తున్న ఏ సీరియల్ భవిష్యత్తు గురించి అడిగినా నేను ముందు అడిగేది ఒకటే: ఇందులో ఇంకా జవాబు రాని ప్రశ్నను ఒక్క వాక్యంలో చెప్పగలరా? చెప్పగలిగితే అది ఏ నెలలో విప్పాలో ఇప్పుడే రాసి, అక్కడినుంచి వెనక్కి ట్రాకులు పేర్చుకోవచ్చు. చెప్పలేకపోతే మూడు నెలల్లో ముగింపుకు తేవాలి.

చానళ్లు ఎంచుకునే మూడో దారి స్లాట్ మార్పు. ‘బ్రహ్మముడి’ని రాత్రి 7:30 నుంచి మధ్యాహ్నానికి మార్చినట్టు. అలా మారిస్తే కొత్త రేటింగ్‌ని పాత రాత్రి రేటింగ్‌తో కాదు, ఆ మధ్యాహ్నం స్లాట్ అంతకుముందు తెచ్చినదానితో పోల్చాలి. రాతా మారాలి. మధ్యాహ్నం చాలా ఇళ్లలో కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ చూస్తారు. కళ్లు తెరమీద ఉండవు, చెవులే ఉంటాయి. మాటలేని క్లోజప్పుల మీద నడిచే సీన్ అక్కడ పోతుంది. ఎవరు వచ్చారో, ఏం తెలిసిందో డైలాగ్‌లోనే వినిపించేలా రాయాలి.