గుంటూరులో గుండె ఏ వైపున ఉంటుంది?

వలస వచ్చినవారి చదువుకు కెనడాలో విలువ లేదని మనవాళ్ళు కొందరు తరచుగా వాపోతూ ఉంటారు. ఇంతకంటే అన్యాయమైన నింద మరొకటి ఉండబోదు. చదువుకు విలువ కట్టడమే పనిగా పెట్టుకున్న దేశం ఈ భూమ్మీద ఏదైనా ఉందంటే అది కెనడాయే. 1967లోనే పాయింట్ల పద్ధతిని తెచ్చి, వచ్చేవారు ఏ దేశంలో పుట్టారన్నది కాక వారి చదువు, పనితనం, భాష చూసి రానిస్తామని చాటింది. 2015లో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే ఆన్‌లైన్ ఎంపిక పద్ధతి వచ్చాక ఈ తూకం మరీ సూక్ష్మమైంది. ఒంటరిగా దరఖాస్తు పెట్టుకున్నవారికి మాస్టర్స్ పట్టా ఉంటే 135 పాయింట్లు, డిగ్రీతో ఆగిపోతే 120, వయసు ఇరవైల్లో ఉంటే 110, నలభై అయిదు నిండితే సున్నా. కన్నతల్లి కూడా తన బిడ్డ గుణగణాలను ఇంత కచ్చితంగా అంకెల్లో చెప్పలేదు.

నింద వేసేవారు గమనించని సంగతి ఒక్కటే: ఆ విలువ విమానం దిగేవరకే చెల్లుతుంది. మనిషిని ఎంచుకోవడం ఒక శాఖ పని, ఎంచుకున్న మనిషికి తగిన పని చూపించడం ఏ శాఖ పనీ కాదు. ఈ రెండింటినీ ముడిపెట్టి చూడడం మన అమాయకత్వం.

ఉదాహరణకు సీలు కవరునే తీసుకోండి. తన పట్టా కెనడాలో దేనికి సమానమో తేల్చుకోదలచిన తెలుగు యువకుడు ముందుగా తన విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం కిటికీ ముందు నిలబడాలి. చలానా కట్టాలి, మార్కుల మెమోల నకళ్ళ మీద ముద్రలు వేయించాలి, వాటిని కవరులో పెట్టించాలి, కవరు మూత అంటించిన చోట అడ్డంగా అధికారి సంతకం పడాలి, సంతకం మీద ముద్ర పడాలి, ముద్ర మీద టేపు పడాలి. సంతకం మూతకు ఇవతలే ఆగిపోయిందంటే కథ మళ్ళీ మొదటికి. అన్నీ కుదిరి ఆ కవరు టొరంటోలో పట్టాలను మదింపు చేసే సంస్థకు చేరితే, కొన్ని వారాలకు ‘ఈ పట్టా కెనడా పట్టాతో సమానం’ అని ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరం పట్టుకుని, దేశం మారాక, వృత్తి లైసెన్సు ఇచ్చే సంస్థ దగ్గరికి వెళితే అక్కడివారు చిరునవ్వు చెదరకుండా, ఇది వలస కోసం ఇచ్చిన సమానత్వమనీ, వృత్తికి కావలసిన సమానత్వం వేరే ఉందనీ వివరిస్తారు. సమానత్వంలో ఇన్ని రకాలున్నాయని మన రాజ్యాంగం రాసినవారికి కూడా తట్టలేదు.

ఇక ఉద్యోగాల విషయానికి వస్తే, అన్నిటికీ మూలమైనది ‘కెనడియన్ ఎక్స్‌పీరియన్స్’ అనే బ్రహ్మపదార్థం. అది ఇదీ అని ఎవరూ చెప్పలేదు. చెబితే అందిపోతుంది, అందితే దాని మహిమ ఏముంటుంది? హైదరాబాదులో కూర్చుని పదేళ్ళు టొరంటో బ్యాంకుకే సాఫ్ట్‌వేర్ రాసినవారికి అది లేదు. అదే బ్యాంకు కింది అంతస్తులో రెండు నెలలు కాఫీ అమ్మినవారికి ఎంతో కొంత ఉంది. ఉద్యోగం చేస్తే గాని అది రాదు, అది వస్తే గాని ఉద్యోగం రాదు. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు అని మన పెద్దలు ఏనాడో కనిపెట్టిన సూత్రమే ఇది. మనవాళ్ళు దాన్ని సామెతగా వదిలేశారు. నియామక విధానంగా అమలు చేసిన ఘనత కెనడాది.

ఈ విధానం లోతు తెలియాలంటే వైద్యుల సంగతి చూడాలి. 2022 నాటి ఒక సర్వే ప్రకారం కెనడాలో దాదాపు 65 లక్షల మంది పెద్దవాళ్ళకు తమకంటూ ఒక కుటుంబ వైద్యుడు లేడు. మరోపక్క, స్వదేశంలో చదివి, స్వదేశంలో వేలమంది రోగులను చూసి, వలస వచ్చి, స్టెతస్కోపును సూట్‌కేసులోంచి బయటికి తీసే అవకాశం రాని వైద్యులు ఉన్నారు. తొందరపాటు మనుషులు ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి ఏదో సంబంధం కలుపుతారు. బాధ్యత తెలిసినవారు అలా చేయరు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివినవారు గుండె ఎడమ వైపున ఉంటుందని అంటే అనవచ్చు. గుంటూరు గుండెల విషయంలో అది నిజమే కావచ్చు. మైనస్ ఇరవై డిగ్రీల చలిలో, హాకీ చూస్తూ పెరిగిన గుండె ఎటు ఒరిగి ఉంటుందో వారికి ఎలా తెలుస్తుంది? ఆ సందేహం తీర్చడానికే మెడికల్ కౌన్సిల్ ఆఫ్ కెనడా పరీక్ష ఉంది. ఆపైన ఎన్‌ఏసీ అనే మరో పరీక్ష ఉంది. అందులో జబ్బు లేని మనుషులు రోగుల్లా నటిస్తారు, పని లేని వైద్యులు వైద్యుల్లా నటిస్తారు. ఆ రెండూ గట్టెక్కాక రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ, సీటు కోసం పోటీలో నిలబడాలి. విదేశీ పట్టాలవారికి విడిగా పెట్టిన సీట్లు కొద్దిపాటివి కాబట్టి చాలామందికి ఏటా మొండిచేయి చూపిస్తారు. అలా నాలుగేళ్ళు గడిచాక వారిలో ఒక కొత్త లోపం బయటపడుతుంది: ‘మీరు వైద్యం మానేసి చాలా కాలమైంది’. వైద్యం చేయనివ్వనందువల్ల వచ్చిన లోపాన్ని వైద్యుడి ఖాతాలోనే రాయడానికి ఎంతో నిష్పాక్షికత కావాలి.

2025 చివర్లో, టొరంటో ఉన్న అంటారియో ప్రావిన్సు ప్రభుత్వం ఈ వడపోతకు మెరుగు పెట్టబోయింది. విదేశంలో వైద్యం చదివినవారు రెసిడెన్సీ మొదటి విడతలో పోటీ పడాలంటే, వారు అంటారియోలో కనీసం రెండేళ్ళు హైస్కూలు చదివి ఉండాలని నిబంధన తెచ్చింది. అక్కడ హైస్కూలు చదివి, వైద్యం మాత్రం వేరే దేశానికి వెళ్ళి చదువుకుని తిరిగి వచ్చినవారికి దారి తెరుచుకుంటుంది. పదేళ్ళు ఆపరేషన్లు చేసి వచ్చిన సర్జను మాత్రం, తాను తొమ్మిదో తరగతి నరసరావుపేటలో చదవడం ఎంత పెద్ద పొరపాటో అప్పుడు గ్రహిస్తాడు. గొడవ రేగి, వ్యవహారం కోర్టుదాకా వెళ్ళేసరికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. నన్నడిగితే తగ్గవలసింది కాదు, ఇంకా ముందుకు వెళ్ళవలసింది. హైస్కూలు దగ్గర ఆగడంలో శాస్త్రీయత లేదు. ఏ ఊరి బాలవాడిలో బంకమట్టి పిసికారో కూడా అడిగి ఉంటే ఇంత రభస జరిగేది కాదు. అన్నట్టు, అనుభవమున్న విదేశీ కుటుంబ వైద్యులను 12 వారాలపాటు పక్కనే ఉండి పరిశీలించి, పనికొస్తారని తేలితే పనిలో పెట్టుకునే పద్ధతి కొన్ని ప్రావిన్సుల్లో ఉంది. అది పనిచేస్తోంది. అందుకే కాబోలు, అందులో సీట్లు లెక్కబెట్టి ఇస్తారు.

ఖాళీగా ఉన్న ప్రతిభను దేశం వృథా చేస్తోందని మాత్రం ఎవరూ అనకూడదు. 2006 జనాభా లెక్కల ఆధారంగా కెనడా వలస శాఖ 2012లో టాక్సీ డ్రైవర్ల మీద ఒక అధ్యయనం వెలువరించింది. దేశంలోని సుమారు 50 వేలమంది డ్రైవర్లలో సగం మంది వలస వచ్చినవారే. వారిలో ఓ 200 మంది డాక్టరేట్లు లేదా వైద్య పట్టాలు ఉన్నవారు. టొరంటోలో గుండెపోటు వస్తే అంబులెన్సు కంటే టాక్సీని పిలవడం మేలనే పాత జోకు అక్కడ అందరికీ తెలిసినదే. దీన్ని ఇంకా జోకుగానే ఉంచడం నాకు నచ్చదు. మీటరు తిరుగుతూ ఉండగా వెనక సీటులోని ప్రయాణికుడి నాడి చూసే హక్కును డ్రైవరుకు ఇచ్చి, ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రమే మందు చీటీ రాయాలని షరతు పెడితే, రోడ్డు భద్రతా ప్రజారోగ్యమూ రెండూ నిలుస్తాయి.

వలస వచ్చినవారికి సాయం చేసేవారు లేరన్న మాట కూడా అబద్ధం. సాయం అక్కడ ఒక పరిశ్రమ. టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో, ఒక సామాజిక కేంద్రం హాలులో, ఉద్యోగార్థుల శిక్షణ తరగతి ఒకటి చూశాను. మడత కుర్చీలు, గోడకు ఆనించిన బల్ల మీద పిజ్జా డబ్బాలు, తెల్లబోర్డు మీద ‘మిమ్మల్ని మీరు అమ్ముకోవడం ఎలా’ అన్న అంశం. వెనక వరుసలో ఒకావిడ ఎం.ఫార్మసీ చదివి, విశాఖ పక్కన మందుల కంపెనీలో నాణ్యతా విభాగంలో ఎనిమిదేళ్ళు పనిచేసినవారు. శిక్షకురాలు ఆవిడ రెజ్యూమె తీసుకుని, ఎం.ఫార్మసీ అన్న వరుసను ఎర్ర పెన్నుతో నిలువునా కాదు, అడ్డంగా, గీత కాగితం చిరిగేలా కొట్టేసి, ఆ పైన ‘నవ్వుతూ మాట్లాడగలను’ అని రాసి ఇచ్చారు. వేర్‌హౌసు వాళ్ళు పెద్ద చదువు చూస్తే నాలుగు రోజుల్లో వెళ్ళిపోతారని భయపడతారట. ఆవిడ తల ఊపి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు. ఆ వరుస ఆవిడను కెనడాకు రప్పించిన వరుస. అది ఉంటేనే దేశంలోకి రానిచ్చారు, అది ఉంటే గోడౌనులోకి రానివ్వరు. కాబట్టి వలస కుటుంబాల్లో ఒక్కొక్కరికి రెండు రెజ్యూమెలు ఉండడం పరిపాటి: ప్రభుత్వానికి చూపేది ఒకటి, ప్రభుత్వం రప్పించాక చూపేది మరొకటి. ఇంతకూ ఆ హాలులో తన చదువుకు తగ్గ ఉద్యోగం చేస్తున్నది శిక్షకురాలు ఒక్కరే. సాయం వల్ల ఉద్యోగాలు పుడతాయని అందుకే అంటారు.

పేర్ల విషయంలో కూడా కొంత సంస్కరణ అవసరమే. ఆర్థికవేత్త ఫిలిప్ ఒరియోపౌలోస్ టొరంటో ప్రాంతపు యజమానులకు వేలకొద్దీ కల్పిత రెజ్యూమెలు పంపి చూశారు. చదువూ అనుభవమూ ఒకేలా ఉన్నా, ఇంగ్లిషు పేరున్నవారికి, భారతీయ, పాకిస్తానీ, చైనా పేర్లున్నవారికంటే ఇంటర్వ్యూ పిలుపులు 40 శాతం దాకా ఎక్కువగా వచ్చాయి. ఇంటిపేరు ముందు, తాత పేరు మధ్యలో, ఇలవేల్పు పేరు చివర పెట్టుకుని, ఫారంలోని గళ్ళు చాలక పక్క గళ్ళలోకి పాకే మనవాళ్ళ గురించి ఆ అధ్యయనంలో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ఇంత చక్కగా సాగుతున్న వ్యవస్థను పాడుచేయాలని చూసేవారు అన్నిచోట్లా ఉంటారు. కెనడియన్ అనుభవం అడగడం వివక్ష కిందికే వస్తుందని అంటారియో మానవ హక్కుల కమిషన్ 2013లోనే ప్రకటించింది. అక్కడి ఇంజనీర్ల లైసెన్సు సంస్థ 2023లో ఆ షరతును ఎత్తేసింది. వంతెనలేవీ కూలలేదు, అది వేరే విషయం. 2026 జనవరి 1 నుంచి అంటారియోలో, 25 మంది లేదా అంతకు మించి పనివారున్న యజమానులు ఉద్యోగ ప్రకటనలో గాని, దరఖాస్తు ఫారంలో గాని కెనడియన్ అనుభవం కావాలని రాయడానికి వీల్లేదు. ఈ వార్త చదివి నేను కొంత కలవరపడ్డాను, ఆపైన చట్టాన్ని మరోసారి చదివి కుదుటపడ్డాను. ప్రకటనలో రాయకూడదన్నారు, ఫారంలో అడగకూడదన్నారు. మనసులో అనుకోవడానికి ఏ అడ్డూ లేదు.

శరణార్థుల సంగతి ఇంకా సులువు, ఎందుకంటే వారి దగ్గర కొట్టేయడానికి కాగితమే ఉండదు. 2015 నవంబరు నుంచి 2016 ఫిబ్రవరి లోపల కెనడా 25 వేలమంది సిరియా శరణార్థులను తెచ్చుకుంది. ఆ ఔదార్యాన్ని వెక్కిరించే ధైర్యం నాకు లేదు. చిక్కల్లా ఆ తర్వాత వచ్చింది. అలెప్పో విశ్వవిద్యాలయం మీద 2013 జనవరిలో బాంబులు పడ్డాయి. మూత మీద అడ్డంగా సంతకం చేయించిన సీలు కవరు అక్కడి నుంచి తెప్పించాలంటే ఎవరిని అడగాలి? దొరికిన కాగితాలతోనే చదువును మదింపు చేసే ఏర్పాటు ఒకటి కొన్నేళ్ళుగా ఉన్నప్పటికీ, మదింపు లైసెన్సు కాదన్న మాట పైన చెప్పుకున్నదే. వారికి దేశం ఇచ్చే గుర్తింపు మరో రకంగా ఉంటుంది. డమాస్కస్‌లో వైద్యం చదువుతూ ఉండగా యుద్ధం ముంచుకొచ్చి, కుటుంబం నడిపే చాక్లెట్ల కర్మాగారం బాంబు దాడిలో పోయి, నోవాస్కోషియాలోని ఆంటిగోనిష్ అనే చిన్న ఊరికి చేరిన తారిక్ హద్దాద్, ఇంట్లోవాళ్ళతో కలిసి మళ్ళీ చాక్లెట్లు మొదలుపెట్టి దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. అప్పటి ప్రధాని ట్రూడో ఐక్యరాజ్యసమితిలో ఆ కుటుంబం గురించి చెప్పారు. వారు ఆ పేరుకు అన్ని విధాలా అర్హులు. అయితే ప్రతి శరణార్థీ తీపి చేయలేడు. పంటి నొప్పికి వైద్యం చేయగలిగినవాడు, కరెంటు స్తంభాల లెక్క తెలిసినవాడు, పిల్లలకు బీజగణితం చెప్పినవాడు ఉంటారు. వీరి గురించి ఐక్యరాజ్యసమితిలో చెప్పడానికి వీలుగా, వీరు కూడా తమ నైపుణ్యాన్ని ఏదైనా పెట్టెలో సర్ది, రిబ్బను కట్టి ఇవ్వగలిగే రూపానికి మార్చుకోవాలి.

తప్పంతా తెల్లవారిదేనని అనుకునేవారికి ఒక మనవి. మిస్సిసాగాలో సొంతంగా చిన్న ఐటీ సంస్థ పెట్టుకున్న మనవాడి దగ్గరికి, ఉగాది సంబరాల్లో పులిహోర పంచుకున్న పరిచయంతో, ఊరి కుర్రవాడు ఎవరైనా వెళ్ళి ఉద్యోగం అడిగితే, ఆ పెద్దమనిషి వెన్నుతట్టి అడిగే మొదటి ప్రశ్న ‘బాబూ, ఇక్కడి ఎక్స్‌పీరియన్స్ ఏమైనా ఉందా?’ అనే. తాను కొత్తగా వచ్చినప్పుడు గోడౌనులో రాత్రి షిఫ్టులు చేశాడు కాబట్టి ఇతడూ చేయాలి. అత్త ఒకప్పటి కోడలే కదా. పైగా ఆయన సంస్థలో 25 మంది లేరు, చట్టం ఆయనకు వర్తించదు.

అన్నీ ఆలోచించాక నాకు తోచిన ప్రతిపాదన ఇది. లోపం కెనడా యజమానుల్లో లేదు, పాయింట్ల పట్టికలో ఉంది. వేర్‌హౌసు ఉద్యోగ ప్రకటనల్లో 50 పౌండ్ల బరువు ఎత్తగలగాలని స్పష్టంగా రాస్తారు. పాయింట్ల పట్టికలో దానికి ఒక్క పాయింటు కూడా లేకపోవడం ఘోరం. మాస్టర్స్ పట్టాకు ఇస్తున్న 135ను పెట్టెలు ఎత్తడానికి మార్చి, మంచులో తెల్లవారుజామున బస్సుకోసం నిలబడగలగడానికి 120, తన కంటే తక్కువ చదివిన సూపర్‌వైజరు తన పనిని తనకే వివరిస్తున్నప్పుడు చిరునవ్వు చెదరకుండా వినగలగడానికి 110 కేటాయిస్తే, వచ్చేవారికీ వచ్చాక చేసేదానికీ పొత్తు కుదురుతుంది. మనవైపు ఏర్పాట్ల గురించి బెంగ అక్కరలేదు. ఈ పట్టిక గెజిట్‌లో అచ్చయిన వారం లోపల అమీర్‌పేటలో పెట్టెలు ఎత్తడానికి ఉదయం బ్యాచీ, సాయంత్రం బ్యాచీ మొదలవుతాయి; ఐస్ ఫ్యాక్టరీ అద్దెకు తీసుకుని బస్సు కోసం నిలబడే మాక్ టెస్టులు పెడతారు; 50 పౌండ్లకు బదులు 62 ఎత్తిన ర్యాంకర్ల ఫొటోలతో మెట్రో స్తంభాలన్నీ నిండిపోతాయి. ఫీజు రెండు వాయిదాల్లో కట్టవచ్చు. పాఠం చెప్పే సారుకు కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అని మాత్రం అక్కడ ఎవరూ అడగరు.