ఏటికి దక్కని వాటా

పట్టణం చివర, జనం ముక్కు మూసుకుని దాటిపోయే ఒక గోడ వెనకాల రాత్రింబవళ్లు దోపిడీ జరుగుతోంది. దాని పేరు మురుగునీటి శుద్ధి కేంద్రం. పౌరులు బటన్ నొక్కి ఉదారంగా ఏటికి పంపినదాన్ని దారిలోనే కాజేయడం దాని పని. ఎవరూ నోరు విప్పడం లేదు కాబట్టి నేనే విప్పుతున్నాను. ఆ చుట్టుపక్కల నోరు విప్పడం కాస్త కష్టమే అనుకోండి.

గేటు దాటగానే ఇనుప కడ్డీల జల్లెడ. గుడ్డపీలికలు, పాలిథిన్ సంచులు, 'ఫ్లష్ చేయొచ్చు' అని కవరు మీద రాసున్న వైప్స్, అన్నీ అక్కడే ఆగిపోతాయి. ఆ మాట నమ్మినవాడిది తప్పా, నీళ్లలో విడిపోని వైప్‌ది తప్పా? నన్నడిగితే జల్లెడదే. తరవాత ఇసుకను ఒక తొట్టిలో, బరువైన మడ్డిని ఇంకో తొట్టిలో అడుక్కి దించేస్తారు.

అసలు ఘోరం ఏరేషన్ ట్యాంకులో. మురుగులోకి గాలి ఊది, బ్యాక్టీరియా చేత మాలిన్యాన్ని తినిపించి, అవి తిని బురదగా అడుక్కి దిగాక ఆ బురదలో కొంత తెచ్చి మళ్లీ కొత్త మురుగులో కలుపుతారు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు బయటపెట్టిన ఉపాయం ఇది. నూరేళ్లు దాటినా ఆ బ్యాక్టీరియాకి రిటైర్మెంట్ లేదు. కేంద్రం వాడే కరెంటులో దాదాపు సగం ఈ గాలి ఊదడానికే పోతుంది.

బీఓడీ అని ఒక లెక్కుంది. నీళ్లలోని మాలిన్యాన్ని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెబుతుంది. ఇళ్ల మురుగులో ఇది లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉండటం మామూలే. సరిగ్గా నడిచే కేంద్రం దాన్ని 30 లోపుకు దించేస్తుంది. ఈ విందు నిజానికి ఏట్లో జరగాల్సింది, ఏట్లో ఉన్న ఆక్సిజన్‌తో! చేపలు ఊపిరాడక తేలిపోయేవి, నిజమే. చేపలకు ఓటుందా?

నాచుకూ గుర్రపుడెక్కకూ అంతకన్నా అన్యాయం. కొన్ని కేంద్రాలు నత్రజని, భాస్వరం కూడా తీసేసి వాటి నోటికాడి కూడు లాగేస్తున్నాయి. కింది ఊళ్లు చూసొద్దామని బయల్దేరిన కలరా, టైఫాయిడ్ క్రిములనైతే చివర్లో క్లోరిన్‌తోనో అతినీలలోహిత కిరణాలతోనో గుమ్మంలోనే మట్టుబెడుతున్నారు.

ప్రజాధనం ఏట్లో పిసికిన చింతపండు అయిందని తిడదామన్నా వీల్లేదు, ఏట్లోకి ఏదీ పోనివ్వరాయె! అక్కడి ఆపరేటర్‌ను నిలదీశాను.

"ఇన్నేళ్లలో ఏం సాధించారయ్యా?"

"ఏమీ జరగలేదండీ" అన్నాడు, గర్వంగా.

ఏమీ జరగనిదానికి రిబ్బన్ ఎవరు కత్తిరిస్తారు? ఫౌంటెన్‌కు రంగు లైట్లు పెడితే జనం ఫొటోలైనా దిగుతారు. అందుకే ఆ గాలి ఊదే బ్లోయర్లు ఆపేసి కరెంటు ఆదా చేయమని సలహా ఇచ్చాను. అతను జవాబు చెప్పలేదు. నన్ను జల్లెడ దగ్గరికి తీసుకెళ్లి, ఆ పూట పట్టిన సరుకు చూపించాడు. పైనే ఒక చిన్న గీతల సాక్సు.

దాని జత మా ఇంట్లో ఉన్న సంగతి అతనికి చెప్పలేదు.