కుబేరుడి అప్పుకైనా పత్రం ఉంది

సొంత బంధువులే మనిషిని మరచిపోతున్న ఈ రోజుల్లో ఒక పత్రికవారు నన్ను మరవలేదు. ప్రతి మంగళవారం, సరిగ్గా నేను అన్నంలో చారు కలుపుకొనే వేళకు, ఒక అమ్మాయి ఫోను చేస్తుంది. "సార్, మీ చందా ఈ రోజుతో ముగుస్తోంది. ఇప్పుడే పునరుద్ధరించుకోకపోతే పాత ధర పోతుంది." ఆ గొంతులో ఆదుర్దా వింటే జాలి వేస్తుంది. చిక్కల్లా ఒక్కటే. ఆ పత్రికకు నేను ఏనాడూ చందా కట్టలేదు. పుట్టని బిడ్డకు షష్టిపూర్తి!

మొదట నన్ను నేనే అనుమానించుకున్నాను. తిరుపతివాడిని, కర్మ సిద్ధాంతం మీద గౌరవం ఉంది. గత జన్మలో కట్టి ఉంటాను. కానీ, కొండమీది స్వామి పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని కదా మన నమ్మకం. ఆ అప్పుకైనా పత్రం ఉంది, బ్రహ్మ, శివుడు సాక్షులు. నా చందాకు రసీదు ముక్క ఏదమ్మా అని అడిగాను.

"మీరు ఒప్పుకున్న రికార్డింగ్ ఉంది సార్" అంది. క్రితం వారం "బైరాగిపట్టెడలోనే ఉంటున్నారు కదా?" అంటే "అవునమ్మా" అన్నాను. ఆ అవును అక్కడినుంచి ఒంటరిగా బయలుదేరి, మూడేళ్ల చందా ప్రశ్న పక్కన చేరి కూర్చున్నట్టుంది.

ప్రచార ఫోన్లు వద్దనుకొనేవారి జాబితాలో 1909 నంబరు ద్వారా ఎప్పుడో చేరాను. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం కూడా ఉంది. ఈమె మాత్రం మామూలు పదంకెల నంబరుతో, మేనకోడలిలా పలకరిస్తుంది. అదే అడిగితే, "ఇది ప్రచారం కాదు సార్, మీరు మా పాత చందాదారులు, ఇది సేవ" అంది. అప్పుడు వెలిగింది నాకు. కొత్త చందా అడిగితే అమ్మకం, లేని చందాను గుర్తుచేస్తే సేవ! ఇంత తర్కం మా ఊళ్లో ఇన్ని విశ్వవిద్యాలయాలుండీ ఎవరూ నేర్పలేదు.

కార్డు నంబరు అడిగింది. ఇచ్చే ముందు నాదీ ఒక మనవి అన్నాను.

"అమ్మా, మా వీధి వినాయక చవితి పందిరికి మీ చందా ఈ రోజుతో ముగుస్తోంది."

"నేనెప్పుడూ కట్టలేదే సార్!"

"రికార్డింగ్ ఉందమ్మా. పైగా పాత ధర పోతుంది."